నిప్పు తాకని రొట్టె

బతుకంతా బొగ్గు తవ్విన మంగయ్య రిటైరైన మరుసటి ఏడు నిప్పును వదిలేశాడు. ఖమ్మంలో ప్రకృతి ఆహార శిబిరానికి వెళ్లొచ్చి, నిప్పు తాకిన తిండి చచ్చిన తిండి అని ఇంట్లో ప్రకటించాడు. ఎండ మాత్రం నిప్పు కాదట. వేడి నలభై ఐదు డిగ్రీలు దాటనంతవరకు ఎండలో ఆరినదంతా పచ్చిదేనని, అందులో ప్రాణం నిలిచే ఉంటుందని శిబిరం నడిపే వెంకటనారాయణ సెలవిచ్చాడట. షుగరు మంగయ్యది, శిబిరం మంగయ్యది. చాకిరీ మాత్రం భార్య రోజారాణికి వచ్చింది.

పొయ్యి ఆరితే ఆడదానికి తీరిక దొరుకుతుందనుకునేవాళ్లు పచ్చి తిండి ఎన్నడూ తయారుచేసి ఉండరు. పెసలు నానబెట్టి, మొలకెత్తించి, అవిసె గింజలతో రుబ్బి, పళ్లాల్లో పరిచి ఎండబెట్టాలి. ఆ బిళ్లల్ని మంగయ్య రొట్టెలనేవాడు. ఇవిగాక కాకర, దోస, టమాట ముక్కలు, మునగాకు. రోజారాణి తల్లి ఏటా వేసవిలో చేసిన ఒరుగులే ఇవి. తల్లి వాటిని వానాకాలంలో వండిపెట్టేది, అంతే తేడా. "నీకేంది వదినా, పొయ్యి లేదు, పొగ లేదు, రాణివి," అని పక్కింటి హేమ్లి గోడ మీదుగా ఎగతాళి చేసినప్పుడు రోజారాణి నవ్వలేదు. నవ్వడానికి కూడా కొంత ఓపిక ఉండాలి.

మణుగూరులో డాబా మీద ఏదీ ఆరుబయట ఎండబెట్టలేరు. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ అయినప్పుడల్లా నల్ల దుమ్ము వచ్చి వాలుతుంది. అందుకని మొదట్లో ఆమె ఇంట్లోనే ఫ్యాను కింద, మంచాల మీద గుడ్డలు పరిచి ఆరబెట్టేది. బూజు పట్టకుండా రాత్రిళ్లు లేచి తిప్పేది. మంగయ్య సోలార్ డ్రయ్యర్ తెచ్చి డాబా మీద పెట్టించాక ఆ బాధ తప్పింది. పైన అద్దం, లోపల నల్లరేకు, పక్కన వేడి చూపే ముల్లు. పొద్దుగూకేసరికి అన్నీ గలగలలాడేవి. ఆమెకు నిద్ర దక్కింది.

ముల్లు ఎక్కడిదాకా పోతోందో ఆమెకు తెలుసు. రోళ్లు పగిలే ఎండలు. బయటే నలభై ఐదుకు చేరే ఊళ్లో, అద్దం కింది పెట్టె మధ్యాహ్నానికి అరవై దాటేది. రొట్టెల అంచులు ఎర్రబడి కమ్మటి వాసన వేసేవి. శిబిరం సూత్రం ప్రకారం అది వంటే. ఆమె పెదవి విప్పలేదు. విప్పితే మళ్లీ మంచాలు, మళ్లీ ఫ్యాను. మంగయ్యకు మోకాళ్ల నొప్పులు కాబట్టి డాబా ఎక్కేవాడు కాదు.

తన ఒక్కదానికి మాత్రం ఆమె ఇంత అన్నం, ఇంత చారు పొయ్యి మీద వండుకునేది. ఆ తాలింపు వాసనకే తన మనసు చెదురుతోందని మంగయ్య ఫిర్యాదు. ఒక మధ్యాహ్నం ఆయన తేల్చేశాడు.

"సాయంత్రం జంపయ్య ఆటో తెస్తడు. పొయ్యి, సిలిండర్ పెనుబల్లిల మా చెల్లెకు పంపుదం. ఎండకాలమంత నిప్పు తాకింది ముట్టలే నేను. ఇగ మనకెందుకది?"

"మరి నా బువ్వ?"

"నువ్వు గూడ అలవాటు చేసుకో. నా షుగర్ చూడు, ఎట్ల దిగిందో."

రోజారాణి మెట్ల వైపు నడిచింది. తాను దాచిన మాటే తన పొయ్యికి ఎసరు పెట్టింది.

"ఒక్కసారి పైకి రా అయ్యా," అంది.

గోడ పట్టుకుని, మూలుగుతూ ఎక్కాడు. అరవై దాటిన ముల్లును చూశాడు. ఇరుక్కుందేమోనని వేలితో తట్టాడు. అది కదల్లేదు. అద్దం మీద అరచెయ్యి ఆన్చి చప్పున తీసేశాడు.

"ఎప్పటిసంది గిట్ల?"

"నువ్వు తెచ్చినప్పటిసంది."

"అంటే నేను తిన్నది..."

"ఉడికిందే."

ఆయన వాటర్ ట్యాంకు నీడలో కూలబడ్డాడు. షుగరు మరి ఎట్ల తగ్గిందని అడిగాడు. తీపి మానినవ్, పొద్దున నడుస్తున్నవ్, అంది ఆమె. చాలాసేపటికి ఆయన ముఖం తేటపడింది.

"సరే తియ్. రేపటిసంది మళ్ల ఫ్యాను కింద ఆరబెడ్దం."

ఆరబెడ్దం. వినడానికి ఆ మాట చివర ఇద్దరుంటారు. పంపుదం, తెద్దం, చేద్దం అని కాపురమంతా ఆయన అంటూనే ఉన్నాడు. మాటలో ఇద్దరు, పనిలో ఆమె ఒక్కతే.

"ఆరబెట్టుకో. లేచి తిప్పుకో. నేను వద్దన," అంది. "పొయ్యి మాత్రం గడప దాటది."

"నా మోకాళ్లు..."

"మంచాలు కిందనే ఉన్నయి గదా."

"ఏందే, గింత కోపమా?"

"కోపం గాదు. అలిసిపోయిన."

సాయంత్రం జంపయ్య ఆటో ఆపి, "ఏందన్నా, పొయ్యి ఎక్కియ్యాల్నా?" అని కేకేశాడు. మంగయ్య భార్య వైపు చూశాడు, తర్వాత నేల వైపు. వద్దులే అన్నాడు. పనిలేక పిలిచిండ్రా అని జంపయ్య గొణిగితే, రోజారాణి అతన్ని బువ్వ తిని పొమ్మంది.

ఆమె ఎసరు పెట్టి పీట మీద కూర్చుంది. వసారాలో మంగయ్య కత్తిపీట ముందేసుకుని దోసకాయ కోస్తున్నాడు. ఒక్కో ముక్క వేలెడు మందం. అవి ఫ్యాను కింద ఎండవు, రేపటికే బంక సాగుతాయి. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఆమె గిన్నె మీద మూత వాలుగా జరిపి, గోడకు చేరగిలి కళ్లు మూసుకుంది.