మన నేత వస్తున్నాడు

తప్పంతా నా పెన్నుది. మా హైటెక్ సిటీ కంపెనీలో చేనేత కళాకారుడికి సన్మానం పెట్టారు. కరపత్రం రాసే పని నాకు పడింది. శ్లేష లేకపోతే నాకు శ్లేష్మం కూడా ఊడి రాదు కదా! "అందరూ పోగవండి! మన నేత వస్తున్నాడు!" అని అచ్చేయించి, ఊళ్లో పంచమని ఆయనకే యాభై కాపీలు పంపాను. ఆయన బాలనర్సయ్య గారు. సిద్దిపేటలో చీర మీద గొల్లభామల్ని నేస్తారు.

సన్మానం రోజే ట్యాంక్‌బండ్ మీద తెలంగాణ మిలియన్ మార్చ్ పడింది. వాయిదా వేద్దామండీ అంటే, "మార్చ్ ఉందని డేట్ మార్చాలా?" అన్నాడు మా ఎండీ. ఆ ఒక్క జోకు మాత్రం నాది కాదు.

మూసాపేట దగ్గర పోలీసులు బస్సాపి ఆయన సంచి వెతికారు. సన్మానానికి తెస్తున్న చీర దొరికింది. మిగిలిన కరపత్రాలూ దొరికాయి. కబురంది నేను స్టేషన్‌లో పడేసరికి ఎస్సై అదే చదువుతున్నాడు.

"ఏ నేతండీ ఈయన? జిల్లా నేతా, రాష్ట్ర నేతా?"

"చేనేతండీ!"

"పోగవమన్నారు. ఎక్కడ, ట్యాంక్‌బండ్ మీదనా?"

"పోగంటే దారమండీ. అది శ్లేష..."

"ఆ శ్లేషెవరు? ఆమె కూడా వస్తోందా?"

అరగంట అర్థాలు చెప్పాను. చివరికి ఎస్సైకే జాలేసి ఓ తెల్లకాగితం ఇటు తోశాడు. "ఉద్యమంతో సంబంధం లేదని రాసి సంతకం పెట్టమనండి. వదిలేస్తా."

బాలనర్సయ్య బెంచీ మీంచి కదల్లేదు. "లేదని ఎట్ల రాస్త సార్? మా వాడకట్టంత దీక్షల కూసున్నది. నేను గూడ కూసున్న."

"ఒక్క సంతకమండీ," అన్నాను నేను. "నలభై ఏళ్ల పనికి మీకిదే మొదటి సన్మానమని మీరే అన్నారు కదా!"

"అన్న. గా శాలువ కప్పుకొని ఇంటికి వోతే, ఏం రాసిచ్చి తెచ్చుకున్నవే అని అడగరా?"

కాకినాడ వాణ్ణి, ఏం చెప్పినా ఇంకోలా వినబడే రోజులు. నోటిదాకా వచ్చినవన్నీ మింగేశాను.

అరెస్టైన వాళ్లను తీసుకెళ్లే పోలీసు వ్యాను వచ్చింది. ఎక్కుతూ ఆయన చీర నా చేతుల్లో పెట్టాడు. "స్టేజి మీద పెట్టుండ్రి. జర విప్పకుండ్రి సార్, మీకు మడత రాదు."

వ్యాను వెళ్లగానే ఎండీ ఫోను. "హాలు నిండిపోయిందయ్యా, ఆయనేడీ?"

ఫోను జేబులో వేసుకున్నాను. రోడ్డు మీద ఆటోలు లేవు. మడత చెదరకుండా చీర రెండు చేతులతో పట్టుకుని హాలు వైపు నడవడం మొదలెట్టాను.