ఇంకా కృషి అవసరం

నేను ఒక రబ్బరు స్టాంపును. నాకు వచ్చిన చదువంతా ఇంతే: 'సంతృప్తికరం. ఇంకా కృషి అవసరం.' ఈ చదువుతోనే ఒక హైస్కూల్లో తొమ్మిదో తరగతి బి సెక్షను మొత్తానికి జాతకం చెప్పాను. నాకంటే ఎక్కువ చదివినవాళ్లు ఆ స్టాఫ్‌రూములో ఉన్నారు గానీ, నేను పడినంత కష్టం వాళ్లెప్పుడూ పడలేదు.

పుట్టింది విజయనగరంలో, ఒక స్టాంపుల కొట్లో. అదే రబ్బరు ముక్కలోంచి కోసిన నా తోబుట్టువు పేరు 'చెల్లించబడినది'. అది కరెంటాఫీసుకి వెళ్లింది. అది కనీసం నిజం చెబుతుంది.

నన్ను కొన్నది సత్యంనాయుడు మాస్టారు. సోషలు చెప్తారు, బి సెక్షనుకి క్లాసుటీచరు. ఆ ఏడు పైనుంచి ఉత్తర్వు వచ్చింది: ప్రోగ్రెస్ కార్డులో గ్రేడులు వేసి ఊరుకోకూడదు, ప్రతి విద్యార్థినీ దగ్గరగా పరిశీలించి, టీచరు తన సొంత మాటల్లో ఒక వాక్యం రాయాలి. మాస్టారు చదివి నిట్టూర్చారు. సైకిలెక్కి వెళ్లి సొంత మాటల్ని కొట్లో ఆర్డరిచ్చి వచ్చారు.

అప్పట్నుంచీ గుద్దుతూనే ఉన్నాను. క్లాసు ఫస్టుకి గుద్దాను, లాస్టుకి గుద్దాను. వేసవిలోనే టీసీ తీసుకుని రాయగడ వెళ్లిపోయిన కుర్రాడిక్కూడా గుద్దాను. డ్రాయింగు మాస్టారే లేని ఆ బళ్లో డ్రాయింగు గ్రేడు అందరికీ 'ఏ'నే. ఒకసారి మాస్టారు ఫోన్లో మాట్లాడుతూ పరధ్యానంగా తన టిఫిన్ బాక్సు మూత మీద గుద్దేశారు. లోపల ఉప్మా. నేను చెప్పింది సరిగ్గా అతికింది ఆ ఒక్కసారే.

ఇక తల్లిదండ్రుల సమావేశం రోజు సంగతి.

వరండాలో బల్లలు వేశారు. బల్ల మీద నేను, నా పక్కన సిరా దిండు, మా వెనక మాస్టారు. మా ముందుకి గురువులనే టెంటుహౌసు ఆసామి వచ్చాడు, కూతురు హేమసుందరితో. లెక్కల మాస్టారు బోర్డు మీద తప్పు చేస్తే లేచి దిద్దే పిల్ల అది. గురువులుతోపాటు బావమరిది సూర్యారావు కూడా దిగాడు, చేతిలో వైజాగ్ హాస్టలువాళ్ల రంగుల కరపత్రంతో. ఆ హాస్టల్లో పిల్లలు తెల్లారకముందే లేచి చదువుతారు, తింటూ చదువుతారు, తుమ్మొస్తే స్టడీ అవరు అయ్యేదాకా ఆపుకుంటారు. హేమసుందరి ముఖం చూస్తే అప్పటికే తుమ్ము ఆపుకుంటున్నట్టుంది.

"మాస్టారూ, ఈ ఏ2లూ బీ1లూ ఏటండీ, రైలుపెట్టెలా?" అన్నాడు గురువులు. "అయ్యి నాకు తెలవవు. మా గుంటని దగ్గరుండి సూసినోరు మీరు. మీరేటి రాస్తే అదే. ఈడుంచాలో, హాస్టల్లో ఎయ్యాలో దాన్నిబట్టే తేల్చుకుంటాను."

సూర్యారావు కార్డు లాక్కున్నాడు. "ఇదిగో బావా, మాస్టారే రాసేరు. 'ఇంకా కృషి అవసరం.' ఈ బడి సాలదనే కదా? నాను సెప్తే ఇన్నావా?"

"నాన్నా, మాస్టారు రాయలేదు. గుద్దేరు," అంది హేమసుందరి.

"నువ్వూరుకో. పెద్దోరు గుద్దినా రాసినట్టే," అన్నాడు మేనమామ.

పిల్ల తండ్రి పక్కనుంచి లేచింది. పక్క బెంచీ మీద కూర్చున్న పోలమ్మ వైపు తిరిగి, "పిన్నీ, మీ చిన్నారావు కార్డు ఓపాలి ఇయ్యి," అంది. ఆ కార్డు తండ్రి ఒళ్లో పెట్టింది. తర్వాత ఇంకో బెంచీకి వెళ్లింది. చూస్తూండగానే వరండాలో అందరూ పక్కవాళ్ల కార్డుల్లోకి తలలు దూర్చేశారు.

"ఓలమ్మ!" అని బుగ్గలు నొక్కుకుంది పోలమ్మ. "మావోడు సంతృప్తికరమేటి? ఆడు బడికొచ్చిందే మద్దేనం గుడ్డు కోసం!"

వరండా అంతా నవ్వింది. గురువులు నవ్వలేదు. "పోన్లెండి మాస్టారూ, కాయితం ఒగ్గేద్దాం. నోటితో సెప్పండి. మా గుంట ఎలాటిది?"

మాస్టారు హేమసుందరిని చూశారు. పైకప్పు చూశారు. చివరికి నన్ను చూశారు.

"మీ అమ్మాయి... సంతృప్తికరం," అన్నారు. "ఇంకా..."

"కృషి అవసరం!" అంది వరండా, ఒక్క గొంతుతో.

రబ్బరుగా పుట్టి ఇలాగైనవాళ్లం మేము. మనిషిగా పుట్టి, డిగ్రీలు చదివి, ట్రైనింగయ్యి ఇలాగవడానికి ఎంత కృషి చేసుంటారో ఆయన!

సూర్యారావుకి ఇంకా ఆశ చావలేదు. "అందుకే హాస్టలంటున్నాను బావా. ఆళ్లు వారం వారం రిపోర్టు ఫోనుకే పంపుతారు."

"వారం వారం ఇదే గుద్దుతారు గావాల," అన్నాడు గురువులు. షామియానా గుంజలు పాతిన చేత్తో నన్ను పట్టుకున్నాడు. దిండుకి అద్ది, కరపత్రం మీద పళ్లికిలిస్తున్న ర్యాంకుల ముఖాల మీద దడేల్మని గుద్దాడు. నా పిడి పగిలింది. "పట్టుకుపో సూర్రావూ."

"మరి నేను?" అంది హేమసుందరి.

"ఈడే ఉంటావు. నువ్వెలాటిదానివో ఊళ్లోవోళ్లని అడగడమేటి, తండ్రినయ్యుండి? సందేళ నా పక్కన కూకుని సదువు. నాకర్థమైతే అయింది, నేకపోతే నేదు."

పగిలిన పిడితో నేనిప్పుడు స్టాఫ్‌రూము బీరువా కింద ఉన్నాను, బొద్దింకల సహవాసంలో. నా ఉద్యోగం ఒక ఫోన్ యాప్‌కి ఇచ్చారు. దానికి నాకంటే చాలా ఎక్కువ వాక్యాలు వచ్చు. మాస్టారు మొదటిదే నొక్కుతారు. హేమసుందరి పదిలోకొచ్చింది, ఈ బళ్లోనే. గురువులు మొన్న ఒక పెళ్లిలో, కూతురు పక్కన కూచుని చదివిన లెక్కతో, గుంజ నీడ కొలిచి గుంజ ఎత్తు చెప్పేశాడట, బంధువులు భయపడ్డారట.

నిన్న వరండాలో మాస్టారు ఆ పిల్లని ఆపారు. పరీక్షగా చూసి, ఎంతో ఆప్యాయంగా అడిగారు:

"కొత్తగా చేరేవేటమ్మా?"