రెండు చెంచాల సోడా

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురం. వంటింట్లో అమ్మ, నడుము పట్టేసి మంచం మీదున్న నాన్న, పెరటి షెడ్డులో అక్క, ఆ షెడ్డు గుమ్మంలో నేను. సాయంత్రం నాలుగింటికి నీళ్ళ శుద్ధి కేంద్రం నుంచి ఇంజనీరు వస్తాడు. నీళ్ళలోని మురికిని పట్టే జిగురు అక్క చేసి చూపించాలి. బాగుంటే ఆమెను అక్కడి ప్రయోగశాలలోకి తీసుకుంటారు. లేకపోతే ఈ పని మానేస్తానని అక్క చెప్పేసింది.

మూడు రోజులుగా ఆమెకు సరైన నిద్ర లేదు. నాకు అర్థమైనంతలో సంగతి ఇది. ఆ జిగురుకు వాడే అల్లైల్ అనే జాతి రసాయన ద్రవం గొలుసుగా అల్లుకోవడానికి ఒక పట్టాన ఒప్పుకోదు. నాలుగు అణువులు కలిశాయో లేదో, ఐదోది గొలుసును అక్కడే ఆపేస్తుంది. ముందే తగినంత ఆమ్లం కలిపితే ఆ మొండితనం తగ్గుతుంది. గొలుసు సాగుతుంది, నీళ్ళలాంటిది తేనెలా చిక్కబడుతుంది. మొండితనంలో అచ్చం మీ నాన్నేనని అమ్మ అంటే, నాన్న మంచం మీంచే మూలుగుతూ నవ్వాడు.

ఆమ్లం తగిలి తగిలి అక్క వేళ్ళు పగిలిపోయాయి. వంటసోడా ఆమ్లాన్ని విరిచేస్తుందని బడిలో మాస్టారు చెప్పారు. ముందురోజు అక్క స్నానానికి వెళ్ళినప్పుడు, ఆమె కొలిచి పెట్టుకున్న ఆమ్లంలో రెండు చెంచాల సోడా వేశాను. బుసబుసా పొంగి అణిగింది. ఘాటు తగ్గిందని సంబరపడి డైరీలో కూడా రాసుకున్నాను.

ఆ రోజు మూడింటికి అక్క, ఆ ఆమ్లం కలిపిన ద్రవంలోంచి గాజు కడ్డీ పైకెత్తింది. చివర నుంచి టపటపా నీళ్ళే కారాయి. స్టూలు మీద కూలబడి, తూకంలో తనే పొరబడ్డానని, చేతకాని పనికి దిగానని తనను తానే తిట్టుకుంది.

నేను ఇంట్లోకి పరుగెత్తాను. డైరీ తెచ్చి ఆ పేజీ తెరిచి ఆమె ఒళ్ళో పెట్టాను. చదివింది. మళ్ళీ చదివింది.

"అయితే నా లెక్క తప్పలేదన్నమాట," అంది నీరసంగా. "నా వేళ్ళ కోసమా?"

తలూపాను.

"వేళ్ళు మానతాయే పిచ్చిదానా. ఇంజనీరు మళ్ళీ మళ్ళీ రాడు."

లేచి కొత్త ఆమ్లం సీసా మూత తీసింది. అది చిక్కబడేసరికి రేపవుతుంది. మరి ఆయనకేం చూపిస్తావని గొణిగాను.

"ఈ నీళ్ళే చూపిస్తా. ఆమ్లం తగ్గితే ఏమవుతుందో నీ పేజీతో సహా చెప్తా. నమ్మితే రేపటిదాకా ఆగుతాడు. నువ్వు మాత్రం ఇటు రాకు."

డైరీ చంకలో పెట్టుకుని, నా భుజం పట్టి మెల్లగా బయటికి నెట్టి, తలుపు వేసుకుంది.