పది గజాల లోపల నిప్పు

మా ఆయన సోమన్న పంచాయతీ బోర్డు మెంబరైన రోజున మా అత్త ఉరుకుందమ్మ ఇంటింటికీ బెల్లం పంచింది. నేతగాళ్ళ వీధి నుంచి బోర్డులో కూర్చున్న మొదటివాడు ఆయనే. అక్కడ ఏం మాట్లాడతాడో అని నాకు అప్పుడే అనుమానం. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పడానికే అరపూట ఆలోచించే మనిషి.

మాది డోనుకు ఇవతల, చిన్న రైలు స్టేషను ఉన్న ఊరు. ఆ ఏడు ఒక నూనె కంపెనీ ఊరికి తూర్పున పెద్ద ఇనప తొట్టి కట్టింది. కిరసనాయిలు రైలు ట్యాంకులో వస్తుందట, స్టేషను నుంచి తొట్టి దాకా పైపులో పారుతుందట. ఆ పైపుకు దగ్గరి దారి మా వీధే. వీధి బోర్డుది కాబట్టి బోర్డు ఒప్పుకోనిదే కంపెనీవాళ్ళు పార వెయ్యడానికి లేదు.

మీటింగు నుంచి మా ఆయన ఛాతీ విరుచుకుని వచ్చాడు.

"ఆ పైపు మన వీధికి రాదు బసమ్మా. రూలు పెట్టించినా. నూనె పైపుకు పది గజాల లోపల నిప్పు ఉండకూడదు. ప్రెసిడెంటు శేషన్నతో సహా అందరూ చేతులెత్తినారు."

మా వీధి వెడల్పే పది గజాలు ఉండదు. పైగా అందులో నిప్పు లేని పొద్దు లేదు. తెల్లవారుతుండగానే వీధి పొడవునా కర్రల మీద పడుగు దారాలు సాగదీసి కడతాం. పక్కనే మూడు రాళ్ళ పొయ్యి పెట్టి గంజి కాస్తాం. గంజి వేడిగా ఉండగానే దారాలకు పట్టించి, కుంచెతో దువ్వి, ఎండ ముదరకముందే ముగించాలి. చల్లారిన గంజి దారానికి పట్టదు. పట్టని దారం మగ్గం మీద పుటుక్కున తెగుతుంది. అందుకే మా ఆయన ఆలోచన అందరికీ సరిగ్గానే తోచింది. నిప్పు ఎట్లాగూ ఉంటుంది, కాబట్టి పైపు రాదు. నిప్పునే తీసెయ్యమంటారని మా వీధిలో ఒక్కరికీ తట్టలేదు. పొయ్యి లేని నేతగాళ్ళ వీధిని మేం ఎప్పుడు చూశాం గనుక!

కొద్దిరోజులకే పైపు వచ్చింది. మూరెడు లోతు కూడా తవ్వలేదు, ఒక అతుకైతే సరిగ్గా మా గడప ముందర పైకే కనిపిస్తోంది. వెనకాలే బోర్డు బంట్రోతు హనుమన్న తప్పెట కొట్టుకుంటూ వచ్చాడు, వీధిలో పొయ్యిలు పెట్టరాదని. అతని భార్య మాకే నూలు కండెలు చుట్టి పెడుతుంది. పాపం, తల ఎత్తలేకపోయాడు.

"ఇదేం రూలప్పా హనుమన్నా?" అంది మా అత్త.

"నీ కొడుకు పెట్టించిందే పెద్దమ్మా."

ఆ మాటతో వీధంతా మా గడప వైపు తిరిగింది. ఆ రోజు మా ఆయన అన్నం ముందు కూర్చుని అట్లాగే లేచాడు. నాకు ఒళ్ళు మండింది. జాలీ వేసింది. ఏది ముందు చూపించాలో తెలియక గిన్నెలు ఎత్తి పడేశాను.

ఊరి బయట గంజి కాచి మోసుకొచ్చి చూశాం. వచ్చేసరికి మీగడ కట్టింది. ఆ పడుగు మగ్గం ఎక్కాక రోజంతా తెగిన దారాలు ముడివేయడమే పనైంది. ఇంకేం చేస్తాం? మళ్ళీ వీధిలోనే, హనుమన్న నిద్ర లేవకముందే, దొంగల్లా పొయ్యిలు పెట్టాం. అతను లేచినా లేవనట్టే ఉన్నాడని తర్వాత తెలిసింది.

అప్పుడు మొదలైంది వాసన. రైలు ట్యాంకు వచ్చిన ప్రతిసారీ మా ముందరి అతుకు దగ్గర ఇసుక తడుస్తోంది. వేలితో తాకి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కిరసనాయిలే.

"బయట నోరెత్తొద్దు," అంది మా అత్త. "కారుతాండాదని చెప్తే మొదట పోయేది పైపు కాదు, మన పొయ్యి."

వీధిలో ఆడవాళ్ళంతా అదే మాట. నేనూ ఊరుకున్నాను. కానీ ఆ తర్వాత పొయ్యిలో చిటుక్కుమంటే నా గుండె చిటుక్కుమనేది. గాలి వీస్తే భయం, వీయకపోతే వాసన. మా ఇళ్ళన్నీ బోద గడ్డి కప్పులు. లోపల మగ్గాలు, నూలు, మనుషులు.

ఒక పొద్దున పొయ్యిలోంచి నిప్పుకణిక దొర్లింది. నేను చూస్తుండగానే ఇసుక అంటుకుంది. జానెడు మంట, చప్పుడు లేకుండా అతుకు వైపు పాకుతోంది. గంజి ముంతను దాని మీద గుమ్మరించి, చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని తొక్కేశాను. తల ఎత్తితే మా ఆయన నా ముందరే ఉన్నాడు.

"బోర్డుకు చెప్తా," అన్నాడు.

"చెప్తే పొయ్యి పాయె. పొయ్యి పోతే ఏం తింటాం?"

"చెప్పకపోతే తినేదానికి మనం ఉండాల గదా!"

నా మీద అరవడం అదే మొదటిసారి. చొక్కా తొడుక్కుని పోయాడు. మధ్యాహ్నం తిరిగి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"శేషన్న ఏమన్నాడో తెలుసా? వీధిలో నిప్పు పెట్టరాదని రూలు ఉండాది కదా, కారితే మాత్రం ఏమైతాది అన్నాడు. అతుకు సంగతి కంపెనీ వాళ్ళు మెల్లగా చూసుకుంటారంట. మంచి రూలు పెట్టించినావు సోమన్నా అని నా భుజం తట్టినాడు."

భుజం తట్టిన చోట దుమ్ము దులుపుకున్నట్టు దులుపుకున్నాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. రాత్రంతా ఆ రూలునే తిప్పి తిప్పి చూశాను.

మళ్ళీ ట్యాంకు వచ్చే రోజుకు మా ఆయనా నేనూ అతుకు చుట్టూ నూనె తడి ఇసుకంతా ఎత్తిపోసి, వంకలోంచి పచ్చి మన్ను తెచ్చి పరిచాం. పిల్లల్ని మా అత్త అవతలి వీధికి తోలుకుపోయింది. పడుగు సాగదీశాం. తెల్లగా తెల్లవారాక, అందరూ చూస్తుండగా, పొయ్యి వెలిగించాను. హనుమన్న పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, ఆర్పు! స్టేషన్లో పైపు చక్రం తిప్పి నూనె వదలబోతాండారు!"

"నిప్పు, నూనె ఒకచోట ఉండకూడదనే గదప్పా రూలు? ఈడ నిప్పు ఉండాది. ఇంగ నూనె వదలొద్దని పోయి చెప్పు."

అతను మా ఆయన వైపు తిరిగాడు. "అన్నా, నువ్వు మెంబరువి. నువ్వు చెప్పు."

మా ఆయన వంగి, ఇంకో కట్టె పొయ్యిలోకి తోశాడు. "మంట ఉండాదని స్టేషన్లో కంపెనీ ఓవర్సీరుకు చెప్పు పో. బిరీన పో."

హనుమన్న పంచె ఎగ్గట్టి పరుగు తీశాడు. స్టేషను కనుచూపు దూరంలో లేదు. అతను చేరేలోపల వదిలేస్తే? ఆ ఆలోచన నాకు అతను మలుపు తిరిగాక వచ్చింది. మా ఆయన నేల మీద పడుకుని పైపుకు చెవి ఆనించాడు. వీధిలో వాళ్ళంతా ఇసుక గంపలు పట్టుకుని గోడలకు ఆనుకున్నారు. నేను కుంచె పట్టుకున్నాను, దువ్వలేకపోయాను. గంజి మాత్రం దాని పాటికది ఉడుకుతోంది.

"వస్తాండాది," అన్నాడు మా ఆయన. లేవలేదు. నా వైపు చూశాడు.

హనుమన్నతో అంత ధైర్యంగా మాట్లాడిందంతా ఆ చూపుతో పోయింది. నిండు గంజి కుండను పొయ్యి మీద బోర్లించాను. బుస్సుమని ఆవిరి లేచింది. అతుకు దగ్గర నూనె ఊరి పచ్చి మన్ను నల్లబడుతూ, నల్లబడుతూ, ఆగింది.

చాలాసేపటికి హనుమన్న రొప్పుతూ వచ్చాడు.

"మూసేసినారు అక్కా! వీధిలో మంట ఉంటే వదలడానికి నాకు అధికారం లేదన్నాడు ఓవర్సీరు. మిగిలింది డబ్బాల్లో పోసి బండ్ల మీద తోలుతాండారు."

అప్పుడు చూశాడు తడి బూడిదను. అతను బోర్డు మనిషి. ఒక్క మాట స్టేషనుకు పోతే ఆ చక్రం మళ్ళీ తిరుగుతుంది.

"నేను సూసినప్పుడు మండుతానే ఉండె," అన్నాడు హనుమన్న. తలగుడ్డ తీసి మొహం తుడుచుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

నా పడుగు సగం గంజితో కర్రల మీద ఎండిపోతోంది, ఇక మగ్గానికి పనికిరాదు. పోతే పోనీ అనుకున్నాను గానీ కళ్ళలో నీళ్ళు ఆగలేదు. మా ఆయన నా పక్కన కూర్చున్నాడు.

"మళ్ళీ ట్యాంకు వస్తాది బసమ్మా. మళ్ళీ వెలిగిస్తావా?"

కళ్ళు తుడుచుకుని, బోర్లిన కుండను ఎత్తి పక్కన పెట్టాను.

"వెలిగిస్తా," అన్నాను. "నువ్వు మాత్రం ఆ పైపు మీద నుంచి చెవి తియ్యొద్దు."