చోనా పెనం

పోలీసు డిప్యూటీ లాఠీ దెబ్బకి చోనత్త ముందుపన్ను ఎగిరి ఓటుపెట్టె కంతలో పడింది. టెక్సాస్‌లో, రియో గ్రాండే ఒడ్డున ఉన్న ఆ ఉల్లికూలీల పేట నుంచి ఆ పెట్టెలో ఏదైనా పడటం అదే మొదటిసారి.

నీళ్ల గొట్టాల కోసం ఊరు అప్పు చేయాలా వద్దా అని ఓటింగు. పన్ను లెక్కల్లో ఆస్తి రాయించుకున్నవాళ్లకే ఓటు.

"అప్పు తీరేది మా అద్దెల్లోంచే కదయ్యా," అంది చోనత్త నెత్తురు ఉమ్ముతూ. "గొట్టాలేమో మా ఇళ్లకీ పొలాలకీ దొరైన హాస్కెల్ ఉల్లిషెడ్డు కాడే ఆగిపోతాయంట. కాలవ నీళ్లు తాగి నా మనవడు పోయాడు. ఇంకెంతమంది పోవాల?"

రెండో దెబ్బే జవాబు.

పన్ను విషయంలో దొరలు దొరలు కొట్టుకుని ఆ యేడు అప్పు ఓడింది. వసంతంలో మళ్లీ ఓటింగన్నారు. పేటంతా చర్చి వెనక కూడింది.

"మంగలి డూలీకి ఇల్లెక్కడుంది?" అన్నాడు కుకో. ఉల్లిబస్తా మీద కూర్చుని పోప్‌గారికైనా వెక్కిరింపు పేరు పెట్టగల కుర్రాడు. "చేతి గడియారం రాయించి ఓటేశాడు. ఆస్తుండాలన్నారు గానీ, ఎంతుండాలో అన్లేదు."

"నాకు పుంజుందిరా," అన్నాడు ముసలి నియెవెస్. "ఒంటికన్నుది."

"రాయించు మామా. సగం పన్నే పడుద్ది."

"దొర ఇళ్లు ఖాళీ చేయిస్తే?"

"చేయించనీ. ఉల్లి ఆయన పెళ్లాం కోస్తది."

చోనత్త నవ్వలేదు. "నాకు పెనముంది," అంది.

అందరూ రాయించారు. అయితే రాయించిన ఆస్తిని ఓటేసేటప్పుడు ఎవరూ కాదనకుండా కళ్లకి చూపించాలనుకున్నారు. ఓటింగు రోజు పుంజు, పరుపు, గిటారు, నీళ్లతొట్టి, కుట్టుమిషను, అన్నీ నెత్తిన పెట్టుకుని ఓట్లేసే కోర్టుకి బయల్దేరారు. పేట మొత్తం కోర్టులో కాపురం పెట్టబోతోందనుకున్నారు చూసినవాళ్లు.

మెట్ల మీద హాస్కెల్ మనుషులు గొడ్డలికామలతో, తుపాకులతో నిలబడ్డారు.

"ఏంటీ చెత్త?" అన్నాడు హాస్కెల్.

"ఆస్తి దొరా," అన్నాడు కుకో. "నీకున్నట్టే. కాస్త చిన్నది."

కామ అతని పక్కటెముకల మీద విరిగింది. పుంజు ఎగిరింది, ఊళ్లో ఒంటికన్నువాళ్ల జాబితాలో డిప్యూటీ కూడా చేరాడు. తొట్టి ఒకడి నెత్తిన బోర్లాపడింది. పరుపు చీలి, మే నెలలో మెట్ల మీద మంచు కురిసింది.

తుపాకి పేలింది. చోనత్త పెనాన్ని గుండెకి అడ్డం పెట్టుకుంది. గుండు పెనాన్నీ గుండెనీ దాటి పోయింది.

ఎవరూ పారిపోలేదు. ఆమెని చిరిగిన పరుపు మీద పడుకోబెట్టి, వెనక్కి తగ్గిన దొర మనుషుల మధ్య నుంచి లోపలికెళ్లి వరసలో నిలబడ్డారు. కుకో చిల్లుపడ్డ పెనాన్ని గుమాస్తా బల్ల మీద పెట్టాడు.

"చోనత్త ఓటు."

"చచ్చినోళ్లకి ఓటు లేదు."

"అయితే పెనం నాకొచ్చింది. ఆస్తి చేతులు మారింది, రాసుకో."

అతనికి సంకెళ్లు వేశారు. పోతూ పోతూ పెనాన్ని నియెవెస్ చేతికిచ్చాడు.

"ఇప్పుడు నాది," అన్నాడు ముసలాయన. "రాసుకో."

ఆయన్నీ తీసుకుపోయారు. పెనం గిటారువాడికి, అక్కణ్ణుంచి కుట్టుమిషను ఆమెకి వెళ్లింది. జైలు నిండింది. వరస తరగలేదు. దొర షెడ్డులో పని ఆపేసి వచ్చినవాళ్లు, ఉల్లివాసన చేతులతో, వెనక చేరుతూనే ఉన్నారు.

"నాది. రాసుకో."