చప్పట్ల వంతు

"నలుగురు వాయించేదాంట్ల ఒక్కరు లేకుంటే ఎవ్వలికి తెలుస్తది?" అన్నాడు అఫ్రోజ్ రొట్టె తుంచుకుంటూ. కోపంగా అనలేదు. అదే కదా బాధ! మొగుడు కోపంగా అని ఉంటే యాస్మీన్ కూడా నాలుగు అనేది. పెనం మీద రొట్టె తిప్పేసింది.

విషయం ఇంతే. ఆదివారం సాయంత్రం సిరిసిల్లలో యాస్మీన్ వాళ్ల సంగీత కచేరీ. అదే ఆదివారం అఫ్రోజ్ అక్క తన వియ్యంకురాలిని వెంటబెట్టుకుని జగిత్యాల నుంచి భోజనానికి వస్తోంది. బిర్యానీ ఎవరు వండాలి? కోరుట్లలోని ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఎవరూ అడగరు. పొద్దు ఎటు పొడుస్తుందని ఎవరైనా అడుగుతారా?

యాస్మీన్ వాయించేది వయోలా. వయొలిన్ కన్నా కాస్త పెద్దది, గొంతు బొంగురు. రెండు వయొలిన్లు, ఒక వయోలా, మోకాళ్ల మధ్య పెట్టుకుని వాయించే చెల్లో. నలుగురూ ఆడవాళ్లే. సిరిసిల్ల బడిలో సంగీతం చెప్పే గీత వాళ్లను పోగు చేసింది. మగ్గాల దగ్గరి పాటలు, బతుకమ్మ పాటలు, ముస్లిం పెళ్లిళ్లలో ఆడవాళ్లు ఢోలక్ కొడుతూ పాడే పాటలు తెచ్చి, రాగం కట్టి, పడమటి కచేరీల పద్ధతిలో నాలుగు వాద్యాలకు పంచుతారు. పాట వయొలిన్లకు పోతుంది. యాస్మీన్‌కు వచ్చేవి అడుగున రెండు మూడు స్వరాలు, మళ్లీ మళ్లీ అవే. "నువ్వు మా నలుగుర్ల ఇల్లాలివి యాస్మీన్, కనపడకుండ అందర్ని మోస్తవు" అని గీత ఒకసారి మెచ్చుకుంది. యాస్మీన్‌కు ఒళ్లు మండింది. ఇల్లాలట! ఇంటి చాకిరీ తనను అడిగి నెత్తిన పెట్టారా? వయోలా తను కోరి పట్టుకుంది. గీత వయొలిన్ ఇస్తానన్నా వద్దని, ఆ బొంగురు గొంతే కావాలని పట్టుబట్టింది. పై పాట వచ్చి తన స్వరాల మీద వాలినప్పుడు చలిలో దుప్పటి కప్పినట్టుంటుంది. అది ఎవరికీ చేసే సేవ కాదు. తన సుఖం.

అయినా అఫ్రోజ్ మాట లోపల ముల్లులా దిగింది. నిజమేనేమో, ఎవరికి తెలుస్తుంది? శనివారం అతను దుకాణానికి పోయాక, రానని గీతకు చెప్పేద్దామని ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఒక్కసారి వాయించాక చెబుదామనుకుంది. వంటింట్లోనే, ఉల్లిగడ్డల బుట్ట పక్కన పీట మీద కూర్చుని మొదలుపెట్టింది. పై పాట లేక తన వంతు స్వరాలు బోసిగానే ఉన్నాయి.

నడిమింట్లోంచి ఒక గొంతు లేచింది. వణుకుతూ, కానీ సరిగ్గా ఆ స్వరాల మీదికే దిగింది. మధ్యాహ్నం దాకా లేవని అత్తను పెళ్లికూతురి తరఫువాళ్లు వెక్కిరించే పెళ్లిపాట. పాడుతున్నది తన అత్త జులేఖాబీ! కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె పాడగా యాస్మీన్ వినలేదు.

"అమ్మీ, మీకెట్ల తెలిసింది? నేను పాట వాయించనే లేదు గద!"

"చప్పట్ల దరువు వాయించినవ్ గద బిడ్డా. చప్పట్లు లేంది గీ పాట యాడ లేస్తది?" ముసలామె మోకాళ్లు పట్టుకుంటూ వచ్చి గడపలో కూలబడింది. ఒకప్పుడు పెళ్లిళ్లలో ఢోలక్ ఆమెదేనట. చుట్టుపక్కల ఊర్లన్నీ పిలిచేవట.

"మరెందుకు బంద్ చేసిండ్రు?"

"బంద్ చెయ్యలే. ఒక్క పెళ్లికి పోలే, గంతే. గా దినం మీ మామ దోస్తులు తిననీకొచ్చిండ్రు. మల్ల పెళ్లికి వేరేటామెను పిలిచిండ్రు." జులేఖాబీ నవ్వింది. "గా దినం ఏం వండిన్నో గూడ యాదికి లేదు."

యాస్మీన్ ఫోన్ పక్కన పెట్టేసింది. అత్త అరచెయ్యి తీసి తన చెంపకు ఆనించుకుంది.

ఆదివారం పొద్దున చాయ్ గ్లాసు అందిస్తూ అఫ్రోజ్‌తో అంది. "నేను సిరిసిల్లకు పోతున్న."

"పోతవా? మరి జగిత్యాల ఆపా ఏమనుకుంటది?"

"గది ఆపానే అడుగుండ్రి."

"నీ చేతి బిర్యానీ పెట్టురా," అంది మంచం మీంచి జులేఖాబీ. "జిందగీల మర్వది!"

అఫ్రోజ్ గొణుక్కుంటూ వంటింట్లోకి పోయాడు. గిన్నెలు దబదబా మోగాయి. యాస్మీన్ చెప్పులు వేసుకుంటుండగా కేక వినపడింది. "యాస్మీన్! షాజీర ఏడున్నదే?"

రెండో అరలో, పసుపు డబ్బా వెనక. మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఇన్నేళ్లూ అడగకముందే అందించిన చెయ్యి కదా, అటే లేవబోయింది. ఆ చేత్తోనే వయోలా పెట్టె ఎత్తుకుంది.

"దేవులాడుండ్రి" అంది.