బావి మీది ఎర్ర గీత

పొద్దున ఆరుంబావుకు దేవవ్వ అరుగు మీద కూసుంటది. ఆరు గాదు, ఆరున్నర గాదు, ఆరుంబావు. ఎడపల్లి దిక్కున్న ఆ ఊరికి బస్సు ఆలస్యంగ వస్తదేమో గాని దేవవ్వ రాదు. బోధన్‌కు చదువులకు పోయేటోళ్లు, నిజామాబాద్‌కు కూలికి పోయేటోళ్లు, పాల క్యాన్లోళ్లు, అందరు ఆమె ముంగట్నుంచే పోవాలె.

"పోయొస్త అవ్వా" అంటరు.

"పోయి రా" అంటది.

ఆమె పోయి రా అన్నది ఏదైనా తిరిగొస్తది. మనిషైనా, గొడ్డైనా. ఒకపారి అమ్మిన బర్రెకు అలవాటుకొద్ది ఆ మాట అన్నది. ఆ బర్రె మోస్రా నుంచి మూడుమాట్ల తాడు తెంపుకొచ్చింది. అప్పట్నుంచి బర్రెలు కొనేటోళ్లు ముందే చెప్తరు, "అవ్వా, జర ఊకో, మేం పోయేదాంక మాట్లాడకు" అని. దుబాయి పోయేటోళ్లు వీసా కన్న ముందు ఈ మాట తీసుకుంటరు. కోపముంటే మాత్రం ఆమె అనదు. గట్టు జానెడు జరిపిండని మరిది హన్మాండ్లుకు పదకొండేండ్ల నుంచి అనలే. హన్మాండ్లు పదకొండేండ్ల నుంచి ఊరు దాటలే.

ఆ యేడు చెరుకు నరుకుతున్నప్పుడు ముగ్గురు కొలతగాళ్లు వచ్చిండ్రు. బోధన్ నుంచి అవతలికి కొత్త రైలు లైను వేస్తరట. పెద్దాయన రామ్‌దాస్, బోధన్ మనిషే. నడిమాయన మహేందర్. చిన్నోడు స్టీవెన్, నిజామాబాద్ కంఠేశ్వర్‌ల తల్లితోని ఉంటడు. మూడు కాళ్ల మిషన్ల నుంచి చూసుకుంట చూసుకుంట వచ్చి, దేవవ్వ బావి గోడ మీద ఎర్ర రంగుతోని గీత గీసిండ్రు. లైను ఆడికెళ్లే పోతది. బావి పూడుస్తరు.

ఆ బావిని దేవవ్వ పెనిమిటి పోశన్న రెండు ఎండాకాలాలు తవ్విండు. దేవవ్వ మట్టి తట్టలు ఎత్తింది. కడుపుతోని ఉండి గూడ ఎత్తింది. పోశన్న పోయిండు గాని బావి ఉన్నది. రెండెకరాల చెరుకు దాని మీదనే బతుకుతది.

"గింత భూమి ఉండంగ మీ రైలుకు నా బావే దొరికిందా?" అన్నది.

రామ్‌దాస్ నవ్విండు. "రైలు పక్కకు తిరగాల్నంటే శానా జాగ గావాలె అవ్వా. బర్రె గాదు గద, ముక్కుతాడు గుంజి తిప్పనీకి."

"బర్రెకు నీ కన్న తెలివుంది. బావిని సూసి పక్కకెళ్లి పోతది."

ఆ నవ్వును దేవవ్వ మరువలే.

అటెన్క కరోన వచ్చింది. బస్సులు బందువెట్టిండ్రు, రైళ్లు బందువెట్టిండ్రు. ఉన్న రైళ్లే నిలవడ్డంక లేని రైలును ఎవ్వలు అడుగుతరు? కొలతలు ఆపి ఇండ్లకు పొమ్మని ఫోన్ వచ్చింది. రామ్‌దాస్, మహేందర్ జీపెక్కిండ్రు.

"పోయొస్తం అవ్వా" అన్నడు రామ్‌దాస్.

దేవవ్వ మొకం గోడ దిక్కు తిప్పుకున్నది. ఊరంత చూసింది. జీపు పోయింది.

కోడలు జ్యోతిరాణికి మనసు పట్టలే. "అత్తమ్మా, రైలు మీది కోపం మనుషుల మీదనా?"

"నేనేమన్న అన్ననా?"

"అనలే. గందుకే అడుగుతున్న."

స్టీవెన్‌కు అప్పటికే జ్వరం ఉండె. మిగిలినోళ్లకు అంటుతదని బడి గదిల ఉంచిండ్రు. నాలుగో దినం దగ్గు ముదిరింది, అంబులెన్సు వచ్చింది. ఎక్కేముందు అరుగు కాడ దూరంగ నిలవడ్డడు. కొలతల బుక్కున్న సంచిని రొమ్ముకు ఒత్తుకున్నడు. ఊర్ల ఆర్నెల్లు ఉన్నోడు, దేవవ్వ మాట సంగతి ఎరుకే.

"అవ్వా, మా అమ్మకు నేనొక్కన్నే."

"తిరిగొస్తే ఏం జేస్తవ్?"

"మిగిలింది కొలుస్త."

"ఇంకో పని సూసుకోరాదు?"

"సూసుకుంట అని నీకు అబద్ధం చెప్పాల్నా?"

డ్రైవర్ హారన్ కొట్టిండు. దేవవ్వ చేను దిక్కు చూసింది. అరుగు మీది నుంచి బావి కనబడదు, చెరుకు అడ్డముంటది. అయినా చూసింది. స్టీవెన్ దగ్గుకుంట నిలవడ్డడు. అడుగుడు ఒక్కసారే అడిగిండు, మళ్ల అడుగలే.

"మూతికి గుడ్డ సక్కగ కట్టుకో" అన్నది దేవవ్వ. "పోయి రా."

అటెన్క రెండేండ్లు ఎవ్వరు రాలే. సర్కారు సొమ్మంత దవాఖాన్లకు, మందులకు మళ్లిందని, లైను కాయితాలు బీరువల పడ్డయని ఊర్ల చెప్పుకున్నరు. దేవవ్వ బావి గోడకు రెండుమాట్ల సున్నం కొట్టింది. ఎర్ర గీత కనబడకుంట పోయింది. కొత్తగ చెరుకు నాటిచ్చింది.

మూడో యేడు వానాకాలంల స్టీవెన్ పొద్దటి బస్సు దిగిండు. మనిషి సగమైండు. పది అడుగులకొకపారి ఆగి ఊపిరి తీసుకుంటున్నడు. భుజం మీద మూడు కాళ్ల మిషన్.

"ఒక్కనివే వచ్చినవేందిరా?"

"మహేందర్ సార్ ఈ పని విడిచిపెట్టి హార్డ్‌వేర్ దుకాణం పెట్టుకున్నడు. రమ్మంటే రానన్నడు."

"ఆ నవ్వేటాయన?"

"రామ్‌దాస్ సార్ లేడు అవ్వా. ఇంటికి పోయిన నెలకే, దవాఖాన్ల."

బస్సుకు వచ్చినోళ్లు దేవవ్వ దిక్కు చూసిండ్రు.

"మరి లైను?" అని జ్యోతిరాణి అడిగింది.

"మూసేద్దామనుకున్నరు. కొలతలు నా బుక్కుల తప్ప ఎక్కడ లెవ్వు. నేను బతికిన గనుక మళ్ల తెరిచిండ్రు."

"మా బావి?"

స్టీవెన్ దేవవ్వ దిక్కే చూసి చెప్పిండు. "గీత మారలే అవ్వా."

దేవవ్వ తిడుతదని ఊరంత నిలవడ్డది. ఆమె తిట్టలే.

"రామ్‌దాస్‌కు పిల్లలున్నరా?"

"ఒక్క బిడ్డ. సింధూజ. బోధన్‌ల మేనత్త కాడ ఉండి చదువుకుంటుంది."

దేవవ్వ లేచింది. "బావి గోడ సున్నం నీళ్లతోని కడుగు, మీ గీత దొరుకుతది" అన్నది. "కొలుసుడు సక్కగ కొలువు. మళ్ల మళ్ల నా చేన్ల తిరుగకు."

చెప్పుకుంటనే అదే బస్సెక్కింది. బోధన్‌ల ఆ ఇల్లు దొరకవట్టేసరికి పదకొండయ్యింది. తలుపు తీసిన పిల్ల పుస్తకం చేతుల పట్టుకొని ఉన్నది.

"ఎవలు గావాలె అవ్వా?"

దేవవ్వ గడప ఇవతల్నే నిలవడ్డది.

"మీ బాపు మా ఊర్ల కొలతలకు వచ్చిండు బిడ్డా. పోయేటప్పుడు నాకు చెప్పే పోయిండు. నేనే మొకం తిప్పుకున్న."